తాళాలగుత్తి ఉంటుంది, చదివే హక్కు ఉండదు: సైన్యంలో ఐటీ టెక్నీషియన్ ఉద్యోగం

ఇలా ఊహించుకోండి. ఒక కల్నల్ గారి బల్ల మీద రెండు కంప్యూటర్లు. ఒకదానికి ఆకుపచ్చ స్టిక్కరు, రెండోదానికి ఎర్ర స్టిక్కరు. ఎర్రదానిలో ఆయన రాత్రంతా కూర్చుని తయారుచేసుకున్న 15 స్లైడ్ల ప్రజెంటేషన్ ఉంది. అందులో ఒకే ఒక్క స్లైడ్, వచ్చే వారం వాతావరణం గురించినది, ఆకుపచ్చదాని నుంచి బయట ఎవరికో మెయిల్ చేయాలి. రెండు కంప్యూటర్ల మధ్య దూరం జానెడు. ఆయన హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తారు. 22 ఏళ్ల కుర్రాడొకడు వచ్చి, విషయం విని, "కుదరదు సర్" అంటాడు.

"ఒక్క స్లైడే కదయ్యా. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇటు పెట్టు."

"పెన్‌డ్రైవ్ పెట్టిన మరుక్షణం ఆ పోర్టు మూసుకుపోతుంది సర్. మీ పేరు మీదా నా పేరు మీదా అలర్ట్ వెళ్తుంది. ఈ ఫారం నింపి ఇవ్వండి, సాయంత్రానికి చేసిపెడతాం."

మామూలు ఆఫీసులో పెద్దసారుకు ఇలా ఎదురుచెప్పినవాడి ఉద్యోగం ఊడొచ్చు. ఇక్కడ "అలాగే సర్" అన్నవాడిది ఊడుతుంది.

సైన్యంలో ఐటీ టెక్నీషియన్ అనగానే చాలామంది కళ్ల ముందు రెండు బొమ్మల్లో ఏదో ఒకటి మెదులుతుంది. చీకటి గదిలో కూర్చుని శత్రుదేశపు కంప్యూటర్లలోకి చొరబడే మేధావి ఒకటి. మన ఆఫీసులో ప్రింటర్ బాగుచేసే అబ్బాయికి యూనిఫాం తొడిగితే ఎలా ఉంటాడో అది రెండోది. మొదటిది అసలు వేరే ఉద్యోగం, దాని విభాగాలూ ఎంపికలూ వేరు. రెండోది చాలావరకు నిజమే. రోజులో ఎక్కువ భాగం మర్చిపోయిన పాస్‌వర్డులు, మొరాయించే ప్రింటర్లు, కొత్తగా వచ్చినవాళ్లకు అకౌంట్లు, వదులైన కేబుళ్లు. సైన్యమైనా, బ్యాంకైనా మనుషులు పాస్‌వర్డ్ మర్చిపోయే తీరు ఒకటే.

నేను చాలా ఏళ్లు సర్వర్ గదుల్లో పనిచేశాను, యూనిఫాం లేకుండానే. ఈ ఉద్యోగం గురించి బయటికొచ్చిన విచారణ నివేదికలు చదువుతుంటే సాంకేతికంగా కొత్తగా తోచింది తక్కువే. నాకు ఎప్పుడూ ఎదురుకాని సంగతి మాత్రం ఒకటి కనబడింది. ఈ మనిషి చేతిలో అన్ని గదుల తాళాలూ ఉంటాయి, గదిలో ఏముందో చదివే హక్కు ఉండదు. పైకి చాదస్తంలా కనబడే నియమాల్లో చాలావాటిని లాగితే ఈ ముడి దగ్గరికే వస్తాయి.

పేర్లు దేశానికొకటి. అమెరికా సైన్యంలో ఈ ఉద్యోగం కోడ్ 25బీ. 10 వారాల ప్రాథమిక శిక్షణ అయ్యాక జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ గోర్డన్‌లో సుమారు 20 వారాల పాఠాలు. ఆ దేశపు నౌకాదళంలో వీళ్లను రేడియోమన్ అనేవాళ్లు, 1999లో పేరు మార్చి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ టెక్నీషియన్ అన్నారు. భారత సైన్యంలో 1911 నుంచీ, బ్రిటన్‌లో 1920 నుంచీ ఉన్న సిగ్నల్స్ విభాగాల్లో ఈ పని చేసేవాళ్లు ఉంటారు. ఒకప్పుడు టెలిగ్రాఫ్ తీగలు లాగినవాళ్ల వారసులే ఇప్పుడు ఫైబర్ లాగుతున్నారు.

ఎక్కడమే, దిగడం లేదు

ఆ వాతావరణం స్లైడ్ సంగతి చూద్దాం. సైన్యాల్లో సమాచారానికి అంతస్తులుంటాయి. అందరూ చూడదగ్గది, రహస్యం, అతి రహస్యం. ఒక్కో అంతస్తుకు వేరే నెట్‌వర్క్. అంటే వేరే పాస్‌వర్డ్ అని అనుకోవద్దు. కేబుళ్లు వేరు, స్విచ్‌లు వేరు, సర్వర్లు వేరు. అమెరికాలో మామూలు పనులకు వాడేదాన్ని నిపర్‌నెట్ అనీ, రహస్యాలకు వాడేదాన్ని సిపర్‌నెట్ అనీ పిలుస్తారు. ఆకుపచ్చ స్టిక్కరు మామూలుది, ఎరుపు రహస్యం, నారింజ అతి రహస్యం. ప్రింటరుకూ ఉంటుంది స్టిక్కరు, సీడీకీ ఉంటుంది.

1973లో అమెరికా వైమానిక దళం కోసం మైటర్ అనే సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ బెల్, లెనార్డ్ లపడులా ఈ అంతస్తుల లెక్కను గణిత సూత్రాల్లో పెట్టారు. అందులో ముఖ్యమైన నియమాలు రెండు. కింది అంతస్తువాడు పై అంతస్తుది చదవకూడదు. ఇది ఎవరికైనా తడుతుంది. పై అంతస్తులో కూర్చున్నవాడు కింది అంతస్తులో రాయకూడదు. మెలిక అంతా ఇక్కడే ఉంది. కల్నల్ గారిని నమ్మొచ్చు, ఆయన దేశభక్తిలో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆయన పేరు మీద ఆ కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌నూ నమ్మగలమా? ఆయన పొరపాటును నమ్మగలమా?

పొరపాటు ఎలా ఉంటుందో చెబుతాను. ఆ స్లైడ్‌లో ఒక మ్యాపు ఉంది. మబ్బులున్న మూల మాత్రమే కనబడేలా బొమ్మను కత్తిరించారు. తెర మీద ఆ మూలే ఉంది. ఫైల్ లోపల మాత్రం మ్యాపు మొత్తం భద్రంగా కూర్చుని ఉండొచ్చు. అవతలివాడు బొమ్మ మీద క్లిక్ చేసి కత్తిరింపును వెనక్కి లాగితే, దళాలు ఏ లోయలో ఉన్నాయో కూడా వచ్చేస్తుంది. స్లైడ్ కింద నోట్స్ పెట్టెలో ఏదో రాసుకుని మర్చిపోవడం, దాచిన స్లైడ్లు అలాగే ఉండిపోవడం, పాత ప్రజెంటేషన్ మీదే కొత్తది తయారుచేయడం, ఇవన్నీ ఇదే బాపతు.

ఫారం అందుకే. ఆ పనికి ప్రత్యేకంగా అనుమతి పొందినవాడు స్లైడ్‌ను తీసుకుని, లోపలి పొరలన్నీ పోయేలా ఉత్త బొమ్మగానో ఉత్త అక్షరాలుగానో మారుస్తాడు. ఇంకొకరు కళ్లతో చూస్తారు. స్కాన్ చేస్తారు. కొత్త సీడీ మీద రాసి, రిజిస్టర్‌లో ఎక్కించి, అవతలి కంప్యూటర్‌లో పెట్టి, పని అయ్యాక ఆ సీడీని ముక్కలు చేస్తారు. పద్ధతి చోటును బట్టి మారుతుంది, వరస దాదాపు ఇదే.

కింది నుంచి పైకి పంపడం కొంత తేలిక. అక్కడ డేటా డయోడ్ అనే పరికరం వాడతారు. ఫైబర్ తీగకు ఒకవైపు వెలుగును పంపే దీపం మాత్రమే ఉంటుంది, రెండోవైపు దాన్ని అందుకునే కన్ను మాత్రమే ఉంటుంది. వెనక్కి పంపడానికి దీపమే లేదు కాబట్టి ఏ హ్యాకరూ దాన్ని తిప్పి నడపలేడు. సాఫ్ట్‌వేర్ చేసే వాగ్దానాలకంటే ఇలాంటి మొరటు ఏర్పాట్లంటేనే నాకు గురి.

ఇంత చేసినా ఒలుకుతుంది. దీనికి స్పిల్లేజ్ అని పేరే ఉంది. ఎవరో ఆఫీసరు, రహస్య సమావేశంలో విన్న తేదీని మామూలు మెయిల్‌లో "ఆ రోజు వద్దు, ఫలానా చోట పని ఉంది" అని 12 మందికి పంపాడనుకోండి. టైపు చేయడానికి 20 సెకన్లు పట్టింది. టెక్నీషియన్‌కు రాత్రంతా పడుతుంది. ఆ 12 మందిలో ఎవరు ఫోన్‌లో తెరిచారు, ఎవరు ఫార్వర్డ్ చేశారు, ఎవరు ప్రింట్ తీశారు, సర్వర్‌లో ఏ డిస్కు మీద పడింది, రాత్రి బ్యాకప్‌లోకి వెళ్లిందా లేదా, ఒక్కోటీ వెతకాలి. పెద్ద ప్రింటర్ల లోపల కూడా డిస్కు ఉంటుందని మనలో చాలామందికి తెలియదు. ఇతనికి తెలుసు, దాన్నీ విప్పాలి.

అసలు చిక్కు ఇంకోటి. వెతుకుతున్న కుర్రాడికి ఆ రహస్యం చూసే అనుమతి ఉందా? లేకపోతే అతను ఆ మెయిల్ తెరవకూడదు. దాని గుర్తింపు నంబరు పట్టుకుని, లోపల ఏముందో చూడకుండా చెరపాలి. ప్రతి ఫిర్యాదునూ నమోదు చేసే టికెట్‌లో "ఫలానా తేదీ బయటపడింది" అని రాసుకోవడానికి కూడా లేదు. టికెట్లు నడిచేది మామూలు నెట్‌వర్క్‌లోనే. అలా రాస్తే అది రెండో ఒలుకు.

పెన్‌డ్రైవ్ మీద ఆ కుర్రాడికి అంత భయం ఊరికే రాలేదు. 2008లో మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో అమెరికా సైన్యపు ల్యాప్‌టాప్‌కు ఎవరో ఒక ఫ్లాష్‌డ్రైవ్ పెట్టారు. దానిలోని ఏజెంట్ బీటీజెడ్ అనే వైరస్, డ్రైవ్ పెట్టగానే తనంతట తాను నడిచే పాత సదుపాయాన్ని వాడుకుని, ఒక మెషీన్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి, పెన్‌డ్రైవ్ నుంచి మరో మెషీన్‌లోకి పాకుతూ రహస్య నెట్‌వర్క్‌లోకి కూడా చేరింది. ఇంటర్నెట్‌తో తీగ సంబంధమే లేని నెట్‌వర్క్ అది. మధ్యలో గాలి తప్ప ఏమీ లేదన్న ధీమాను జేబులో పట్టే వస్తువు దాటేసింది. శుభ్రం చేయడానికి 14 నెలలు పట్టిందంటారు. ఆ నవంబరులో పెన్‌డ్రైవ్‌లను మొత్తంగా నిషేధించారు. 2010లో ఏర్పడిన అమెరికా సైబర్ కమాండ్‌కు ఈ ఘటనే పెద్ద కారణాల్లో ఒకటి. ఆ 14 నెలలూ మెషీన్లను ఒక్కొక్కటిగా చూసినవాళ్లు మన ఈ టెక్నీషియన్లే.

తీగల మధ్య ఎడం

సర్వర్ గదిలో పనిచేసేవాడికి ఒక అందాల పిచ్చి ఉంటుంది. కేబుళ్లన్నీ ఒక్క కట్టగా కట్టి, జడ అల్లినట్టు దింపాలి. ఇక్కడ ఆ పని చేస్తే మొదటిరోజే తిట్లు. రహస్యం మామూలు అక్షరాల్లో ప్రవహించే తీగను రెడ్ అంటారు, ఎన్‌క్రిప్ట్ అయ్యాక, అంటే గూఢలిపిలోకి మారాక, బయటికి వెళ్లే తీగను బ్లాక్ అంటారు. రెండూ దగ్గరికి రాకూడదు. పక్కపక్కన నడిపితే, రెడ్‌లో పోయే సిగ్నల్ నీడలా బ్లాక్‌లో పడుతుంది. అది ఏ గూఢలిపీ లేకుండా గోడ దాటి పోతుంది.

ఇదెలా బయటపడిందో ఆసక్తికరంగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెల్ ల్యాబ్స్‌లో సందేశాలను గూఢలిపిలోకి మార్చే టెలిటైప్ పరికరం నడుస్తుంటే, ల్యాబ్‌లో దూరంగా ఎక్కడో ఉన్న ఆసిల్లోస్కోప్ (సిగ్నళ్లను గీతలుగా చూపే పరికరం) తెర మీద గీతలు ఎగిరిపడుతున్నాయి. పరికరం కదిలిన ప్రతిసారీ ఒక గీత. ఆ గీతల నుంచే అసలు సందేశం చదవొచ్చని ఇంజినీర్లు అంటే సైన్యం నమ్మలేదు. దాంతో న్యూయార్క్‌లో వారిక్ స్ట్రీట్‌లోని సైనిక సంకేత కేంద్రానికి ఎదురుగా, వీధికి ఇవతల దాదాపు 80 అడుగుల దూరంలో ఉన్న భవనంలో కూర్చుని ఓ గంటసేపు సిగ్నల్ పట్టారు. మూడు నాలుగు గంటల్లో 75 శాతం సందేశాన్ని మామూలు అక్షరాల్లో రాసి చేతిలో పెట్టారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దాచిపెట్టిన ఈ కథ 2007 ప్రాంతంలో బయటికొచ్చింది. మధ్యలో 1985లో విమ్ వాన్ ఎక్ అనే డచ్ ఇంజినీరు, పెద్దగా ఖర్చు లేని టీవీ సామగ్రితో కంప్యూటర్ తెర మీది బొమ్మను దూరం నుంచి పట్టి చూపించాడు.

గుమ్మం దగ్గర ఫోన్లు, స్మార్ట్ వాచీలు పెట్టే అరలు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల మీద కోపం, కేబుల్ వేసే ముందు టేపు పెట్టి దూరం కొలవడం, వీటన్నిటికీ మూలం ఇదే.

అసలైన తాళంచెవులు

ఎన్‌క్రిప్షన్ యంత్రం శత్రువు చేతికి చిక్కినా ఫరవాలేదు, కీ, అంటే ఆ గూఢలిపిని విప్పే రహస్య సంకేతం, చిక్కకపోతే చాలు అన్నది ఈ రంగంలో మూలసూత్రం. అందుకే కీలను నోట్లకట్టల కంటే జాగ్రత్తగా చూస్తారు. ఎన్ని వచ్చాయి, ఏ రోజు ఏది వాడారు, వాడేసినదాన్ని ఎవరి ఎదురుగా నాశనం చేశారు, ఇద్దరి సంతకాలు. అత్యంత ముఖ్యమైన కీల సేఫ్‌కు రెండు తాళాలుంటాయి, రెండూ ఒకే మనిషికి తెలియకూడదు.

ఈ ఏర్పాటంతా ఉన్నా ఒకడు దాన్ని ఏళ్ల తరబడి బోల్తా కొట్టించాడు. అమెరికా నౌకాదళంలో సమాచార విభాగపు వారెంట్ ఆఫీసర్ జాన్ వాకర్ 1967లో సోవియట్ రాయబార కార్యాలయానికి నడిచి వెళ్లి కీల జాబితా అమ్మాడు. మరుసటి ఏడాది జనవరిలో ఉత్తర కొరియా ప్యూబ్లో అనే అమెరికా నౌకను పట్టుకుంది, అందులో సంకేత యంత్రాలున్నాయి. యంత్రం ఒకవైపు నుంచి, కీలు ఇంకోవైపు నుంచి. 1985లో పట్టుబడేదాకా, అంటే సుమారు 18 ఏళ్లు, వాకర్ కథ నడిచింది. తర్వాత తర్వాత సొంత కొడుకునూ అన్ననూ కూడా దించాడు. పట్టించింది రిజిస్టర్లు కాదు, మాజీ భార్య ఎఫ్‌బీఐకి చేసిన ఫోన్.

కంచే చేను మేసే ఈ ప్రమాదం కంప్యూటర్ల కాలంలో ఇంకా ముదిరింది. వాకర్ కాగితాలు ఫొటో తీసి మోసుకుపోవాలి. కంప్యూటర్ వ్యవస్థను నడిపే సిస్టమ్ అడ్మిన్‌కు అంత శ్రమ అక్కర్లేదు. మెయిల్ సర్వర్ బాగుచేయాలంటే మెయిల్ సర్వర్ లోపలికి వెళ్లాల్సిందే. పైపు బాగుచేసేవాడికి నీళ్లు తగలకుండా ఉండవు.

ఇక్కడ రెండు మాటల తేడా తెలియాలి. అనుమతి ఒకటి, అవసరం ఒకటి. నేపథ్యం తనిఖీ చేసి, అప్పులు, విదేశీ సంబంధాలు, అలవాట్లు అన్నీ చూసి "ఈ మనిషి అతి రహస్యాల దగ్గర పనిచేయొచ్చు" అనడం అనుమతి. ఈ ఫలానా కాగితం చదవకపోతే ఈ రోజు పని జరగదు అన్నది అవసరం. రెండూ ఉంటేనే చదవాలి. టెక్నీషియన్‌కు మొదటిది పుష్కలంగా ఉంటుంది, రెండోది దాదాపు ఎప్పుడూ ఉండదు.

జాక్ టెషేరా ఉదంతం ఈ తేడా మీదే నడిచింది. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో అతని ఉద్యోగం పేరు సైబర్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్స్ జర్నీమ్యాన్. సూటిగా చెప్పాలంటే నెట్‌వర్క్ పడిపోకుండా చూసేవాడు. ఉక్రెయిన్ యుద్ధం గురించిన రహస్య పత్రాలు చదివి, మొదట వాటిలోని సంగతులు తిరిగి రాసి, తర్వాత ప్రింట్ల ఫొటోలు తీసి, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మిత్రుల దగ్గర గొప్పకు పెట్టాడు. 2023 ఏప్రిల్ 13న అరెస్టయ్యే నాటికి వయసు 21. 2024 నవంబరులో 15 ఏళ్ల జైలు పడింది. వైమానిక దళం విచారణలో తేలింది ఇంకా చేదుగా ఉంది. అతను నిఘా సమాచారం చదువుతున్నాడనీ, నోట్స్ రాసుకుంటున్నాడనీ పైవాళ్లలో కొందరికి ముందే తెలుసు. పిలిచి వద్దని చెప్పి వదిలేశారు. వాళ్లలో 15 మంది మీద చర్యలు తీసుకున్నారు.

అంతకు పదేళ్ల ముందు ఎడ్వర్డ్ స్నోడెన్, అతను సైనికుడు కాడు, కాంట్రాక్టు మీద వచ్చిన అడ్మిన్, ఇదే సందు నుంచి రహస్య పత్రాలు తీసుకుపోయి పత్రికలకు ఇచ్చాడు. ఆ తర్వాత అమెరికా జాతీయ భద్రతా సంస్థ కీలక పనులకు ఇద్దరు ఉండాల్సిందేనన్న నియమం పెడతామంది, అడ్మిన్ల సంఖ్యను 90 శాతం దాకా తగ్గిస్తామని కూడా ప్రకటించింది. అడ్మిన్లను తగ్గించడం వినడానికి బాగుంటుంది. ఉన్న నలుగురి మీదే అన్ని తాళాలూ పడితే ఏమవుతుందన్నది నాకు ఇప్పటికీ ఒక సందేహం. నాకు నచ్చే ఉపాయం వేరు. అడ్మిన్ చేసే ప్రతి పనీ అతను చెరపలేని మరో మెషీన్‌లో నమోదవ్వాలి. ఆ నమోదును ఎవరో ఒకరు నిజంగా చదవాలి. టెషేరా విషయంలో సమాచారం అందక కాదు, అందిన సమాచారం మీద ఎవరూ కదలక వచ్చింది తంటా.

గుడారంలో సర్వర్

ఇప్పటిదాకా చెప్పింది గోడలున్న చోటి సంగతి. మోహరింపులో ఇదే నెట్‌వర్క్‌ను పెట్టెల్లో మోసుకెళ్లి బీడునేల మీద నిలబెట్టాలి. అక్కడ టెక్నీషియన్ చేతికి ముందు వచ్చేది సుత్తి. ఎర్త్ రాడ్ నేలలోకి దిగ్గొట్టాలి, అది లేకుండా జనరేటర్‌కు ఏదీ తగిలించకూడదు. జనరేటర్ కరెంటు మొండిది, ఒకసారి ఎగిరి ఒకసారి పడుతుంది, కాబట్టి మధ్యలో యూపీఎస్. దుమ్ము ఫ్యాన్లలో పేరుకుని సర్వర్లు వేడెక్కుతాయి, కాబట్టి ఫిల్టర్లు దులపడమూ నెట్‌వర్క్ పనే. ఆ తర్వాత శాటిలైట్ యాంటెన్నాను ఆకాశంలో సరైన బిందువుకు తిప్పాలి. ఈ పని ముగిసేదాకా కమాండర్ వెనకాలే నిలబడి గడియారం చూస్తుంటాడు. టెన్షన్ అంటే అది.

లింకు వచ్చాక మొదలయ్యే ఫిర్యాదు "కంప్యూటర్ స్లోగా ఉంది". చాలాసార్లు కంప్యూటర్ తప్పేమీ ఉండదు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావాలంటే కాంతి వేగంతో వెళ్లినా అరసెకను పడుతుంది. వంద చిన్న చిన్న ప్రశ్నలు అడిగి తెరుచుకునే వెబ్‌పేజీకి అది ఎంతో మీరే లెక్కేయండి. ఏ ర్యాంకు వాడు అరిచినా కాంతి వేగం పెరగదు.

యుద్ధభూమిలో కనెక్షన్‌కు ఇంకో వెల ఉంది. ప్రసారం చేసే ప్రతి యాంటెన్నా "నేనిక్కడున్నాను" అని అరుస్తుంటుంది. శత్రువు ఆ అరుపు దిక్కు పట్టి గుండ్లు దించగలడు. అందుకే ఎప్పుడు ఏ పరికరం నోరు మూసుకోవాలో ఆజ్ఞలుంటాయి. జీవితమంతా లింకు పడిపోకూడదని తంటాలు పడే మనిషి, ఆజ్ఞ రాగానే తన చేత్తో ఆపేయాలి. దారులు కూడా ముందే నాలుగు వరసలు రాసుకుంటారు. శాటిలైట్ పోతే రేడియో, అది పోతే మరోటి, ఏదీ లేకపోతే కాగితం పట్టుకుని పరుగెత్తే మనిషి. ఆ చివరి దారిని తేలిగ్గా తీసుకోవద్దు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలవడానికి గంట ముందు ఉక్రెయిన్‌లో కేఏ-శాట్ ఉపగ్రహ సేవ వాడే మోడెములు వేల సంఖ్యలో ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. ఉపగ్రహానికి గీత కూడా పడలేదు. నేల మీద ఉన్న నిర్వహణ నెట్‌వర్క్‌లోకి చొరబడి, మోడెముల మెమరీని తుడిచేశారు. ఆ దెబ్బకు జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ పర్యవేక్షణ తెగిపోయింది.

ఓడల్లో సంగతి వినోదంగా ఉంటుంది. వందలమందికి ఒక్క శాటిలైట్ లింకు, అదీ అవసరమైనప్పుడు కట్టేస్తారు. 2023లో మాంచెస్టర్ అనే అమెరికా యుద్ధనౌకలో కొందరు సీనియర్ నావికులు ఓర్చుకోలేక, స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ యాంటెన్నాను రహస్యంగా బిగించుకున్నారు. వైఫైకి "స్టింకీ" అని పేరు. ఓడలో గుసగుసలు మొదలయ్యాక ఆ పేరును వైర్‌లెస్ ప్రింటర్‌లా కనబడేలా మార్చారు. ఆ ఓడలో అలాంటి వైర్‌లెస్ ప్రింటర్లే లేవు! చివరికి అనుమతి ఉన్న యాంటెన్నా బిగించడానికి వచ్చిన ఒక పౌర ఉద్యోగి కంట్లో అది పడింది. నడిపించిన సీనియర్ చీఫ్‌ను కోర్టు మార్షల్ చేసి ర్యాంకు తగ్గించారు. కొత్త వైఫై పేరు కనబడితే "ఇదేంటి" అని అడగడం టెక్నీషియన్ పని. అడగాల్సింది తన పైవాళ్లనే అయినప్పుడు గొంతు పెగలడం ఎంత కష్టమో ఈ కథలో ఉంది.

పాత సామాను గురించి ఒక్క మాట. అమెరికా అణ్వాయుధ దళాల సందేశ వ్యవస్థ 2019 దాకా 8 అంగుళాల ఫ్లాపీలతో నడిచింది. జనం నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు, ఎందుకంటే పరీక్షించి ఆమోదించిన వ్యవస్థలో ఒక్క ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపానికి వేసే మాటు) వేసినా అది మళ్లీ కొత్త వ్యవస్థే, మళ్లీ ఆమోదం పొందాల్సిందే. ప్యాచ్ వేయకపోతే దొంగకు సందు, వేస్తే రాడార్ ఆగిపోతుందేమోనని భయం. ఈ రెండిటి మధ్య నలిగేది మళ్లీ ఇతనే.

ఇక ఎవరూ సరిగ్గా నేర్పించకపోయినా వచ్చి ఉండాల్సిన పని ఒకటుంది, ధ్వంసం చేయడం. 2001 ఏప్రిల్ 1న అమెరికా నిఘా విమానం ఈపీ-3 చైనా యుద్ధవిమానాన్ని ఢీకొని, హైనాన్ దీవిలో దిగక తప్పలేదు. లోపల 24 మంది. చేతిలో ఉన్న కొద్ది నిమిషాల్లో కీలు చెరిపేశారు, గొడ్డలితో పరికరాలను బాదారు, డిస్కుల మీద వేడి కాఫీ పోశారు. తర్వాత జరిగిన సమీక్షలో ఆ సిబ్బందికి అత్యవసరంగా ధ్వంసం చేయడంలో సరైన శిక్షణ లేదని తేలింది. ఇప్పుడు ఎస్ఎస్‌డీ (చిప్పులతో చేసిన డిస్కు) లాంటి వాటిని 2 మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా పొడి చేయాలన్నది అమెరికా ప్రమాణం. చిప్పులో గోరంత ముక్క మిగిలినా అందులో కాగితాలు కాగితాలు ఉంటాయి.

వీటన్నిటి మీదా అతను ముందు సైనికుడు. తెల్లారే పరుగు, తుపాకీ శుభ్రం చేయడం, రాత్రి కాపలా, వాటి తర్వాతే టికెట్లు. అమెరికాలో ఈ పనికి సెక్యూరిటీ ప్లస్ లాంటి బయటి సర్టిఫికెట్ కూడా ఉండాలంటారు, అది తర్వాత ఉద్యోగానికి పనికొస్తుంది. ఇంటర్వ్యూలో చిక్కు మాత్రం తప్పదు. "మీరు నిర్వహించిన నెట్‌వర్క్ ఎంత పెద్దది, ఏం నడిచేది?" అని అడుగుతారు. చెప్పగలిగింది కొద్దిగానే ఉంటుంది: యూజర్ అకౌంట్లు, స్విచ్‌లు, టికెట్లు.

వదిలి వెళ్లే రోజు కూడా ఒక ఫారం ఉంటుంది. విన్నవీ చూసినవీ ఉద్యోగం తర్వాత కూడా బయటపెట్టనని సంతకం. బ్యాడ్జీ, టోకెన్, సేఫ్ నంబరు అప్పగింత; అతను వెళ్లగానే ఆ సేఫ్ నంబరు మారిపోతుంది. ఇన్నాళ్లూ బదిలీ అయిన ప్రతివాడి అకౌంటూ మూసినవాడి అకౌంటును ఈసారి అతని జూనియర్ మూస్తాడు, అతను పక్కన నిలబడి చూస్తుండగానే. పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి చూడమంటాడు. లాగిన్ అవ్వదు. "థాంక్స్ అన్నా" అని జూనియర్ టికెట్ క్లోజ్ చేస్తాడు.